మట్టి దగ్గర అనని మాట

శవపేటిక మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. ఇమామ్ గారు జనం వైపు తిరిగి, "మన ముహరెమ్ వల్ల మీలో ఎవరికైనా కష్టం కలిగి ఉంటే, మాట తగిలి ఉంటే, హలాల్ చేస్తారా, మనసారా క్షమించి వదిలేస్తారా?" అని అడిగారు. బోస్నియా కొండల్లోని పొద్‌కామెన్ ఊరి మగవాళ్ళంతా ఒక్క గొంతుతో "హలాల్" అన్నారు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అన్నారు. మొదటి వరసలో నిలబడిన నియాజ్ ఒక్కసారి కూడా అనలేదు. పోయిన వారం కథలో అతన్ని ఆ వరసలోనే వదిలి వచ్చాం.

ఎందుకు అనలేదో నియాజ్‌కి తెలుసు. ముందురోజు కాఫీ కొట్టులో, ఊరి ఫుట్‌బాల్ జట్టుకి మాలిష్ చేసే ముసలి హిక్మెత్ చనిపోయినాయన తెలివిని తలుచుకుని మెచ్చుకుంటూ నోరు జారాడు. నియాజ్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు ఇటలీ నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి అతని ఆట చూడడానికి వచ్చాడు. "కుర్రాడి ఎడమ మోకాలు రెండేళ్ళు కూడా ఆగదు" అని కోచ్ ముహరెమ్ మాస్టారే ఆయన చెవిన వేశారట. ఆ మోకాలికి అప్పుడూ ఏమీ లేదు, ముప్ఫై అయిదేళ్ళు వచ్చిన ఇప్పుడూ ఏమీ లేదు. దాని మీదనే నియాజ్ స్లొవేనియాలో, సైప్రస్‌లో, టర్కీలో, అజర్‌బైజాన్‌లో, ఎవరూ టీవీలో చూడని లీగుల్లో, మైదానం నడిమధ్య పరుగులు తీసి తీసి, చివరికి ఈ ఊరి జట్టుకే తిరిగి వచ్చాడు. శనివారం జరిగేది అతని ఆఖరి ఆట.

కొండ మీది శ్మశానంలో ఇక మట్టి వేయడం మొదలైంది.

ఇక్కడ పారని చేతి నుంచి చేతికి అందించరు. మట్టి వేసినవాడు దాన్ని నేల మీద పెట్టాలి, తరవాతివాడు వంగి తీసుకోవాలి. నియాజ్ తన వంతు మట్టి వేసి పార కింద పెట్టి పక్కకి జరిగాడు. వెనక ఉన్నది జట్టు గోల్‌కీపర్ జెవాద్. అతను పార వైపు చూసి, దాన్ని దాటుకుని గోతికి అవతలి పక్కకి వెళ్ళి, అక్కడివాళ్ళు దింపిన పార తీసుకున్నాడు. అతని వెనకవాడూ అంతే చేశాడు. ఆ వెనకవాడూ. ఎవరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. తడి మట్టిలో నియాజ్ పెట్టిన పార పెట్టినచోటే ఉండిపోయింది.

సమాధి నిండాక జెవాద్ అతని పక్కకి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఏరా, మాట రాలేదు? కాఫీకని నోట్లో పెట్టుకున్న చక్కెర ముక్క ఇంకా కరగలేదా?"

"ఇప్పుడొద్దు జెవాద్."

"ఇంకెప్పుడు? ఆయన మళ్ళీ చచ్చిపోయి మళ్ళీ అడుగుతాడా? నీకు బూటు తాడు కట్టడం నేర్పింది ఆ మనిషి. మా అందరినీ రాళ్ళు పెట్టి కొట్టినట్టు తిట్టేవాడు, నిన్నొక్కడినే ఏమీ అనేవాడు కాదు. మేం అన్నాం హలాల్. నీకు బరువైందా?"

"నీకు తెలియదు."

"తెలియక్కర్లేదు. శనివారం నువ్వు దిగితే గోల్ దగ్గర నేను నిలబడను. వాహిద్‌కి నేనే చెప్తాను."

వాహిద్ మాస్టారి కొడుకు. తండ్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక జట్టుకి అతనే కోచ్ అయ్యాడు. నిరుడు అజర్‌బైజాన్‌లోని బాకులో ఖాళీగా కూర్చున్న నియాజ్‌కి ఫోన్ చేసి, "అన్నా, ఆడితే ఇక్కడ ఆడి మానెయ్యి, పరాయిచోట ఎందుకు" అని పిలిచింది అతనే. ఇప్పుడు అందరూ కొండ దిగుతుంటే వాహిద్ ఆనవాయితీ ప్రకారం ఇమామ్ గారితో పాటు సమాధి దగ్గర ఉండిపోయాడు. నియాజ్ దాటి వెళుతుంటే తల ఎత్తి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నియాజ్‌కి కొంచెం తేలికయ్యేది.

దారి మలుపులో మాస్టారి పక్కింటి షుహ్రా నిలబడి ఉంది. ఇక్కడ ఆడవాళ్ళు శ్మశానానికి రారు, ఇంట్లో చేరి ప్రార్థన చేస్తారు. అయినా మగవాళ్ళు కొండ దిగేలోపే వార్త మాస్టారి ఇంట్లో ఆయన భార్య దెవ్‌లెతాకి చేరింది.

"దెవ్‌లెతా రమ్మంటోంది నిన్ను."

"ఇప్పుడా? ఇంటినిండా జనం ఉంటారు."

"జనం ఉన్నప్పుడే పిలిచింది. వస్తావా, రాలేనని చెప్పమంటావా? ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పు, మూగసైగలు నాకు అర్థం కావు."

నియాజ్ ఆమె వెనకే నడిచాడు. ప్లమ్ చెట్లు అప్పుడే తెల్లగా పూశాయి. వాన ఆగి కాసేపే అయింది. గుమ్మం ముందు ఆడవాళ్ళ జోళ్ళు గుట్టలా పడి ఉన్నాయి. బంకమట్టి పట్టిన తన బూట్లని ఎక్కడ విడవాలో తెలియక, గోడవారగా, అన్నిటికీ దూరంగా పెట్టాడు. లోపల గదిలో జపమాలల చప్పుడు, ఒకామె గొంతు లీలగా సాగుతోంది. అతను నడవాలో అడుగుపెట్టేసరికి ఆ గొంతు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది.

"ఇటు, వంటింట్లోకి. లోపల ప్రార్థన జరుగుతోంది. నువ్వు దాన్ని తట్టుకోలేవు," అని షుహ్రా తలుపు తోసింది.

దెవ్‌లెతా పిన్ని పొయ్యి ముందు నిలబడి పిండి హల్వా కలుపుతోంది. భర్త పోయిన రోజు ఆ పని ఇరుగుపొరుగువాళ్ళు చేస్తారు. గరిటె ఎవరికీ ఇవ్వలేదని ఆమె పక్కన నిస్సహాయంగా నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళని చూస్తేనే తెలుస్తోంది. నియాజ్‌ని చూసి ఆమె గరిటె వాళ్ళలో ఒకరి చేతిలో పెట్టి, "గిన్నె అవతలి గదిలోకి తీసుకుపోండి, తలుపు దగ్గరగా వెయ్యండి," అంది.

ఇద్దరే మిగిలారు.

"కూర్చో."

"పిన్నీ, మాస్టారు..."

"ముందు కాఫీ తాగు. కొండ మీద చలిగా ఉంటుంది."

రాగి గిన్నెలో నురుగు పైకి లేచేదాకా చూసి, దించి, మళ్ళీ పెట్టి, చిన్న పింగాణీ కప్పులో పోసింది. చక్కెర ముక్క పక్కన పెట్టింది. తనకి పోసుకోలేదు.

"అనలేదటగా."

"అనలేదు."

"గొంతు పూడుకుపోయిందా? ఏడుపొచ్చిందా? అదైతే చెప్పు నాయనా. లోపలికెళ్ళి చెప్పేస్తాను, పాపం మాస్టారంటే ప్రాణం కదా, కుర్రాడికి మాట రాలేదని. అందరూ నమ్ముతారు. నేనూ నమ్ముతాను."

ఆమె అతనికి తప్పించుకునే దారి చూపింది. అవునని ఒక్క మాట అంటే చాలు. నియాజ్ చక్కెర ముక్కని కాఫీలో ముంచి, నోట్లో పెట్టుకోకుండా పళ్ళెంలో వదిలేశాడు.

"లేదు పిన్నీ. మాట వచ్చింది. నేనే ఆపుకున్నాను."

"మోకాలి సంగతేనా?"

అతను తలెత్తాడు.

"నీకు తెలుసా?"

"ఎందుకు తెలియదు? నాతో చెప్పకుండా ఆయన తుమ్మేవాడు కాదు. ఒక్క వేసవి ఆగితే చాలనుకున్నాడు. ఆ ఏడు జట్టు పై లీగుకి వెళ్ళాలి, నువ్వు లేకపోతే వెళ్ళదు. వెళ్ళాక ఇటలీ వాళ్ళకి తనే ఫోన్ చేసి కాలు బాగైందని చెబుదామనుకున్నాడు. చేశాడు కూడా, ఇదిగో, ఈ గోడకున్న ఫోన్ నుంచే. అప్పటికే వాళ్ళు ఇంకెవరినో తీసేసుకున్నారు."

"జట్టు పైకి వెళ్ళింది. మరుసటి ఏడే దిగిపోయింది," అన్నాడు నియాజ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"దిగిపోయింది. ఆయనకి ఆ శాస్తి జరగాల్సిందే. నేను కాదన్నానా? నువ్వు అరిచినా తిట్టినా ఈ కుర్చీలో కూర్చుని వింటాను. కానీ..." ఆమె బల్ల మీదికి వంగింది. "ఆయన నీ దగ్గరికి వచ్చి అడిగాడు కదరా! అంత దూరం, ఆ నడుంనొప్పితో బస్సులో వచ్చి, నీ ఎదురుగా నిలబడి, ఇదీ నేను చేసింది, హలాల్ చెయ్యి అని అడిగాడు కదరా! నువ్వు చేశావు కదరా! బతికున్నవాడికి ఇచ్చినదాన్ని శవం దగ్గర ఎలా లాక్కున్నావు?"

"నా దగ్గరికా?"

"అమాయకుడిలా మాట్లాడకు. కైసెరికి."

టర్కీలో తను ఆడిన ఊరు కైసెరి పేరు వినగానే నియాజ్ రెండు చేతులూ బల్ల కిందికి పోయాయి.

దెవ్‌లెతా పిన్ని అది చూడలేదు. ఆమె చూపు పొయ్యి మీదికి మళ్ళింది. గొంతు మెత్తబడింది. ఎన్నోసార్లు ఎవరెవరికో చెప్పి అరగదీసుకున్న కథని మరోసారి చెబుతున్నట్టు చెప్పింది.

"వచ్చీ రాగానే, కోటు కూడా విప్పకుండా ఈ గుమ్మంలో నిలబడే చెప్పాడు. 'ఇచ్చాడే దెవ్‌లెతా, ఇచ్చేశాడు' అన్నాడు. నువ్వు ఏడ్చావట, ఆయనా ఏడ్చాడట. కాపలావాడు చూస్తున్నాడని సిగ్గుపడి ఇద్దరూ నవ్వారట. తరవాత నువ్వు చెయ్యి పట్టుకుని హోటలుకి తీసుకెళ్ళి, నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం, పెరుగు దగ్గరుండి తినిపించావట. ఆయనకి పళ్ళు లేవని నారింజపండు నువ్వే వలిచి తొనలు చేతిలో పెట్టావట. ఆ తొనల సంగతి ఎన్నిసార్లు చెప్పాడనుకున్నావు! మాట పడిపోయిన తరవాత కూడా, నేను నారింజ వలిస్తే నీ ఫోటో వైపు చూపించేవాడు. నీ పేరు చెప్పి నవ్వు తెప్పించేదాన్ని ఆయనకి."

అవతలి గదిలో ప్రార్థన ఆగింది. ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

నియాజ్‌కి కైసెరి క్లబ్బు వసతిలో తను ఉన్న మూడో అంతస్తు గది కళ్ళముందుకి వచ్చింది. ఆ ఏడాది అతని చొక్కా నంబరు ఇంకొకరికి ఇచ్చేశారు. అసలు జట్టుతో కాకుండా పిల్లల జట్టుతో సాధన చేయమన్నారు. ఊళ్ళో మాత్రం అతను అక్కడ నాయకుడని, అతను లేకపోతే ఆట మొదలవదని చెప్పుకుంటున్నారు. చెప్పింది అతనే. ఒకరోజు గేటు నుంచి కాపలావాడు ఫోన్ చేశాడు. "బోస్నియా నుంచి మీ మాస్టారట, కింద ఉన్నాడు." నియాజ్ పిల్లల జట్టు ఇచ్చిన పసుపు చొక్కాలో, మోకాళ్ళ దాకా బురదతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ చొక్కా ఏమిటో మాస్టారికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. "జట్టుతో వేరే ఊరు వెళ్ళానని చెప్పు," అన్నాడు.

కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడమని, అలా చూడనివాడు మిడ్‌ఫీల్డర్ కాడని అతనికి నేర్పిన మనిషి కింద నిలబడి ఉన్నాడు. ఎంతసేపు ఉన్నాడో నియాజ్‌కి ఇప్పటికీ తెలియదు. సాయంత్రం కాపలావాడు ఒక గుడ్డమూట తెచ్చి ఇచ్చాడు. అందులో పొగలో ఎండబెట్టిన మాంసం, ఎండు ప్లమ్ పళ్ళు, దెవ్‌లెతా పిన్ని చేసిన జామ్ ఉన్నాయి. తినకూడదనుకున్నాడు. ఆకలేసి అంతా తినేశాడు.

ఆ తరవాత సెలవులకి వచ్చినప్పుడల్లా మాస్టారు నలుగురి మధ్యా కాఫీ కొట్టులోనే కలిసేవారు. గట్టిగా కౌగిలించుకునేవారు. గేటు సంగతి ఎత్తేవారు కాదు. ఎత్తనందుకు నియాజ్ లోపల్లోపల సంతోషించేవాడు. నిరుడు తిరిగి వచ్చేసరికి ఆయన మంచంలో ఉన్నారు, మాట లేదు. నియాజ్ మణికట్టు పట్టుకుని వదల్లేదు, అంతే. ముసలితనం అనుకున్నాడు నియాజ్. ఏదో అడుగుతున్నారని అనుకోలేదు.

అడగడానికే వచ్చారు. కైసెరికి వచ్చింది అందుకే. తనే కిందికి దిగలేదు.

"ఇటు చూడు," అంది దెవ్‌లెతా పిన్ని. "నేను ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు ఇచ్చావా, లేదా? ఇవ్వలేదంటే చెప్పు. మా ఆయన నాకు అబద్ధం చెప్పాడనుకుంటాను. అంతకంటే ఏముంది."

అంతకంటే ఏముందని ఆమె తేలిగ్గానే అంది. కానీ అన్నాక ఆమె ముఖం నియాజ్ చూశాడు. పొద్దుట్నించీ ఏడవని మనిషి. ఇంటినిండా జనం ఉన్నా హల్వా గరిటె వదలని మనిషి. ఆమె కింద ఉన్న కుర్చీని ఎవరో లాగేస్తారేమో అన్నట్టు బల్ల అంచుని పట్టుకుని కూర్చుంది.

నిజం చెబితే నియాజ్ మీది నింద సగం పోతుంది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నవాడు కాడని ఊరికి తెలుస్తుంది. జెవాద్ గోల్ దగ్గర నిలబడతాడు. శనివారం ఆట ఉంటుంది. కానీ ఆ గొర్రె మాంసం, ఆ పెరుగు, ఆ ఏడుపు, ఆ నవ్వు, చేతిలో పెట్టిన తొనలు ఏవీ ఉండవు. భర్తని పాతిపెట్టిన రోజే ఆమె చేతిలోంచి వాటిని కూడా తీసుకోవాలి. వాటిచోట మూసిన గేటు ముందు నిలబడిన ముసలివాడిని పెట్టాలి.

"ఇచ్చాను పిన్నీ," అన్నాడు.

ఆమె భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. ఊపిరి వదిలింది. అది కోపమో, ఊరటో అతనికి అర్థం కాలేదు.

"ఇచ్చావు."

"ఇచ్చాను. భోజనానికీ తీసుకెళ్ళాను. నిన్న హిక్మెత్ మళ్ళీ ఆ సంగతి ఎత్తేసరికి మనసు విరిగిపోయింది. ఇవాళ అనలేకపోయాను."

"అనలేకపోయావు కాదు. వెనక్కి తీసుకున్నావు. సరిగ్గా చెప్పు."

"వెనక్కి తీసుకున్నాను."

దెవ్‌లెతా పిన్ని చెయ్యి చాపి అతని ముందున్న కాఫీ కప్పు తీసుకుంది. అందులో ఇంకా సగం పైన ఉంది. తొట్టి దగ్గరికి వెళ్ళి పారబోసి, కప్పు కడిగి బోర్లించింది. తాగుతున్న మనిషి ముందు నుంచి కప్పు తీసేయడం ఆ ఊళ్ళో పగవాడికి కూడా చేయరు.

"నిన్ను నా కొడుకు కంటే ఎక్కువ చూసుకున్నాడురా," అంది అటు తిరిగే. "వాహిద్ ఆడతానంటే వీడికి కాళ్ళే తప్ప కళ్ళు లేవనేవాడు. నియాజ్‌కి వీపున కూడా కళ్ళున్నాయనేవాడు. కన్నకొడుకు ముందు అనే మాటేనా అది? అనేవాడు. నువ్విక వెళ్ళు. నేను నిన్ను తిట్టను. తిడితే మళ్ళీ హలాల్ అడగాల్సి వస్తుంది, నిన్ను అడిగే ఓపిక నాకు లేదు."

నియాజ్ లేచాడు. శనివారం మైదానంలో తను ఉండడు. ఈ ఇంటి గుమ్మం కూడా ఇక తొక్కడు. చిన్నప్పటి నుంచి ఆడిన ఆట ఈ వంటింట్లో ముగిసిపోయింది. అయినా ఆమె దగ్గర ఆ నారింజ తొనలు మిగిలాయి. అది చాలనుకుని తలుపు వైపు తిరిగాడు.

తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో వాహిద్ నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా మట్టి, తడిసిన టోపీ చేతిలో ఉంది. ఎప్పుడొచ్చాడో ఎవరూ గమనించలేదు.

"తప్పుకో, అతన్ని వెళ్ళనీ," అంది తల్లి.

వాహిద్ తప్పుకోలేదు.

"అమ్మా, ఈయన చెప్పేది అబద్ధం."

"నువ్వు ఊరుకో వాహిద్," అన్నాడు నియాజ్. "నీకేం తెలుసు? నువ్వు అక్కడ లేవు."

"ఉన్నానన్నా. గేటు దగ్గర నాన్న పక్కనే ఉన్నాను. పొద్దున్నించి సాయంత్రం బస్సు దాకా ఉన్నాను."

నియాజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

దెవ్‌లెతా పిన్ని మెల్లగా వెనక్కి తిరిగింది. చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆ వారం నువ్వు సరయెవోలో పరీక్షలు రాస్తున్నానన్నావు."

"నాన్న అలా చెప్పమన్నాడు."

"ఏ గేటు? హోటలు కదా? హోటల్లో కదా తిన్నది?"

వాహిద్ నోరు తెరిచాడు. ఆమె తడిచెయ్యి ఎత్తి ఆపింది. వచ్చి కొడుకుని లోపలికి లాగి, తలుపు మూసి గడియ పెట్టింది. అవతల ఆడవాళ్ళ మాటలు ఒక్కసారిగా సన్నగిల్లిపోయాయి. ఆమె మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. కొడుకు వైపు చూడలేదు.

"వాడు చెబితే నేను వినను," అంది నియాజ్‌తో. "నువ్వు చెప్పు. ఆ గేటు దగ్గర మా ఆయనకి ఏం జరిగింది?"